బండ నడుస్తా ఉండగా బలాలు సమానమైతే ఏమవుద్ది?

ప్రశ్న: సార్, మా వాడు తొమ్మిదో తరగతి. ఎడ్లు లాగే బలం, నేల ఘర్షణ సమానమైతే కదిలే బండ ఏమవుద్ది అని పరీక్షలో అడిగారంట, వీడు ఆగిపోద్దని రాశాడు, టీచర్ తప్పు కొట్టారు. ఇంట్లో అందరం వాడిదే కరెక్ట్ అంటున్నాం. రెండూ సమానమైతే ముందుకి ఎట్టా పోద్ది?
– ఒక తల్లి, చీమకుర్తి

జవాబు: టీచర్ గారిదే కరెక్టమ్మా. కానీ మీ వాణ్ణి తిట్టబాకండి, అరిస్టాటిల్ కాలం నుంచి దాదాపు రెండు వేల ఏళ్లు పెద్దపెద్దోళ్లంతా ఇట్టానే అనుకున్నారు, గెలీలియో వచ్చి కాదన్నాడు, 1687లో న్యూటన్ దాన్ని నియమంగా రాశాడు.

తిరునాళ్లలో బండలాగుడు పందేలు మీరు చూసే ఉంటారు గదా, దాంతోనే చెప్తా. టన్ను బండ అనుకోండి. దాని బరువు 9,800 న్యూటన్లు (న్యూటన్ అంటే బలానికి కొలత) కిందికి, నేల అంతే బలంతో పైకి నెడతా ఉంటది, అక్కడ గొడవ లేదు. ఇప్పుడు ఎడ్లు 3,000 న్యూటన్లతో లాగితే నేల కూడా సరిగ్గా 3,000తో వెనక్కి పట్టుకుంటది, 5,000తో లాగితే 5,000తో, అందుకే బండ కదల్దు. ఈ పట్టుకి ఒక హద్దుంది, లెక్క కోసం 6,000 అనుకుందాం. అది దాటిన క్షణం బండ కదుల్తుంది, కదిలాక ఘర్షణ కాస్త తగ్గుద్ది, 5,000 అనుకోండి. ఎడ్లు ఇంకా 6,000తోనే లాగుతుంటే 1,000 న్యూటన్లు మిగిలాయి, ఇదే ఫలిత బలం, దీంతో టన్ను బండ స్పీడు ప్రతి సెకనుకీ ‘సెకనుకి ఒక మీటరు’ చొప్పున పెరుగుద్ది. అట్టా ఐదు సెకన్లు పెరిగితే గంటకి 18 కిలోమీటర్లు, అంత బరువుతో ఏ జతా అట్టా పరిగెత్తలేదు, అందుకే లాగుడు 5,000కి దిగుద్ది, బండ అదే నడకలో సాగిపోతా ఉంటది. బలాలు సమానమైతే ఆగేది స్పీడులో మార్పు, స్పీడు కాదు. మీ వాడు తడబడింది ఈ ఒక్క చోటే.

మరి ఆగేది ఎప్పుడు? తాడు వదులైనప్పుడు. అప్పుడు లాగుడు సున్నా, వెనక్కి ఘర్షణ మాత్రం 5,000 మొత్తం ఉంది, సెకనుకి మీటరు స్పీడులో పోయే బండ పది సెంటీమీటర్లలో ఆగిపోద్ది, అంటే జానెడు కూడా జరగదు. మన కంటికి ఏమనిపిస్తది, లాగుడు ఆపితే ఆగింది కాబట్టి కదలాలంటే ఎప్పుడూ బలం ఎక్కువ ఉండాలి అని. అసలు ఆపింది ఘర్షణ. కొత్తపట్నం దగ్గర పడవ ఇంజన్ ఆపి చూడండి, నీళ్లు కూడా వెనక్కి పట్టుకుంటాయి గానీ నేలంత కాదు, అందుకే చాలా దూరం పోయి ఆగుద్ది.

ఇంకొకటి, కోర్టు (బండ లాగే బాట) చివర బండని తిప్పేటప్పుడు స్పీడు అంతే ఉన్నా దిశ మారుతుంది చూడండి, దానికీ అసమాన బలం, అంటే మిగిలే ఫలిత బలం, కావాల్సిందే, ఇది కూడా పరీక్షల్లో అడుగుతారు.

ఆపేది ఘర్షణే అని వాడే చూడాలంటే, ఇంట్లో క్యారమ్స్ బోర్డు ఉంటే పౌడర్ చల్లకముందు ఒకసారి, చల్లినాక ఒకసారి ఒకే ఊపుతో మీ వాడి చేత స్ట్రైకర్ కొట్టించండి, ఎక్కడెక్కడ ఆగిందో చాక్‌పీసుతో గుర్తు పెట్టమనండి, పౌడర్ ఇంకా బాగా చల్లి మూడోసారి కూడా కొట్టమనండి.