మీ ప్రశ్న – మా సమాధానం: నిద్రమాత్రకు అలవాటుపడిన విద్యార్థి

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. హాస్టల్లో ఉండి నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటున్నాడు. నిద్ర పట్టడం లేదంటే ఏడు నెలల కిందట ఒక డాక్టరు గారు రెండు వారాలకని అల్ప్రాజోలమ్ రాశారు. ఆ పాత చీటీతోనే కొనుక్కుంటూ ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాడని సెలవులకు వచ్చినప్పుడు తెలిసింది. చదివింది గుర్తుండడం లేదని బాధపడుతున్నాడు. వెంటనే మాన్పించమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: అమ్మా, మాత్రలు లాక్కుని ఒక్కసారిగా మాత్రం మాన్పించకండి. నెలల తరబడి ఈ మందుకు అలవాటుపడినవారికి అది హఠాత్తుగా అందకపోతే వణుకు, తీవ్రమైన ఆందోళన కలుగుతాయి. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. కల్తీ కల్లులో కలుపుతున్నదీ ఈ మందే కాబట్టి, ఆ కల్లు దొరకక మతి చలించినట్లు ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలైనవారిని తెలంగాణ జిల్లాల్లో చూశాం. సైకియాట్రిస్టు పర్యవేక్షణలో మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడమే క్షేమం.

మతిమరపుకు ఈ మందు కారణం కావచ్చు. కొత్తగా చదివినదాన్ని మెదడు నిలుపుకోకుండా ఇది అడ్డుపడుతుంది. ఆ సంగతి తెలియని పిల్లవాడు, లోపం తనలోనే ఉందనుకుని మరింతసేపు మేలుకుని చదివి, చెదిరిన నిద్ర కోసం మళ్లీ ఆ మాత్రనే ఆశ్రయిస్తాడు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

అల్ప్రాజోలమ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోనిది. 2014 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం దుకాణదారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒకే చీటీపై మళ్లీ మళ్లీ ఇవ్వకూడదు.

మానసిక వైద్యంలో వాడే మందులన్నీ ఇలాంటివని అనుకోకండి. డిప్రెషన్‌కు మందు నిజంగా అవసరమైన పిల్లలూ ఉన్నారు. మీ అబ్బాయి విషయంలో మాత్రం నిద్ర ఎందుకు పట్టడం లేదో ఎవరూ అడిగినట్లు లేదు. ఈ వయసులో ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. హాస్టల్ స్టడీ అవర్స్ అందుకు వీలిస్తున్నాయో లేదో కనుక్కోండి. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వాల్సిన చికిత్స, మందులు లేకుండా కొన్ని వారాల పాటు నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే ప్రవర్తనా చికిత్స. దగ్గరలో ఆ చికిత్స ఇచ్చేవారు ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి, తెలుగులోనే ఉచితంగా సలహా పొందవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని వేసుకుంటున్నాడో, ఏ వేళకు వేసుకుంటున్నాడో అబ్బాయినే చెప్పనివ్వండి. మీరు పక్కన ఉంటే చెప్పలేడనిపిస్తే కాసేపు బయట కూర్చోండి.