సీమ నుంచి విదేశాలకు వస్తున్నవారికి: అన్నం, రక్తంలో చక్కెర

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికాకు వస్తున్న పిల్లలు వీసా గురించి, అద్దె ఇంటి గురించి, బీమా గురించి ఎన్నో సందేహాలు అడుగుతారు గానీ, రక్తంలో చక్కెర గురించి అడిగేవారు చాలా అరుదు. పాతికేళ్ల వయసులో ఆ ఆలోచన రాకపోవడం సహజమే. అయితే మనవాళ్లకు మధుమేహం మిగతావారికంటే చిన్న వయసులో, తక్కువ బరువు ఉన్నప్పుడే వస్తోంది. అందుకే ఇతరులకు పరీక్ష అవసరమయ్యే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె) హద్దును 25గా పెట్టిన అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, ఆసియా మూలాలున్నవారికి దాన్ని 23కు తగ్గించింది. సన్నగా ఉన్నాం కదా అన్న ధైర్యం మనకు చాలదు.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ వారానికి కొన్ని పూటలైనా సంగటో జొన్నరొట్టో ఉంటుంది, పక్కన పప్పు, ఆకుకూర, చెనిక్కాయల ఊరిబిండి ఉంటాయి. ఇక్కడ నలుగురు కలిసి ఉండే ఇంట్లో కుక్కర్ నిండా సోనా మసూరి వండుకొని, ఉర్లగడ్డ వేపుడో ఊరగాయో కలుపుకొని, రాత్రి పదింటికి తిని వెంటనే పడుకోవడం అలవాటైపోతుంది. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆకలి మీద మనం వడ్డించుకునేది మాత్రం ఒక్క కప్పుతో ఆగదు. తోడుగా పీచు, మాంసకృత్తులు లేనప్పుడు ఆ అన్నం త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది, దాన్ని కణాల్లోకి పంపడానికి క్లోమం మరింత ఇన్సులిన్ విడుదల చేయాల్సి వస్తుంది, ఏళ్ల తరబడి ఇదే సాగి ఒంట్లో కొవ్వు పేరుకుంటే కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. దాని ప్రభావం కాలేయం, గుండె, మూత్రపిండాలు, కళ్లు, పాదాల నరాలు, అన్నింటి మీదా పడుతుంది.

అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను, అది మన వల్ల అయ్యే పని కాదు. ముందు కూర, పప్పు లేదా గుడ్డు తిని, తర్వాత కొద్దిగా అన్నం తినండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు గ్లూకోజును వాడుకుంటాయి. మంచు కురిసే నెలల్లో ఏదైనా పెద్ద మాల్‌లో నడవవచ్చు. కొర్రలు, జొన్నపిండి, అలసందలు, ఉలవలు ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. రాగిలోనూ పిండిపదార్థం తక్కువేమీ కాదు కాబట్టి సంగటి ఒక ముద్దతో ఆపాలి, రాగి మాల్ట్‌లో చక్కెర వేసుకోకూడదు. మనకెంతో ఇష్టమైన ఉగ్గాని బొరుగులతో చేసేది గనుక చక్కెరను త్వరగానే పెంచుతుంది. బొరుగులు తగ్గించి, చెనిక్కాయలు, పుట్నాల పొడి ఎక్కువగా వేసుకొని, బజ్జీలను ఎప్పుడో ఒకసారికి పరిమితం చేసుకోవడం మేలు. కూల్‌డ్రింకుల విషయంలో మాత్రం నేను కఠినంగానే చెబుతాను: 355 మిల్లీలీటర్ల కోకాకోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర, అంటే దాదాపు పది చెంచాలు ఉంటుంది. పండ్లరసం కూడా అంత తేలికైనదేమీ కాదు.

బయలుదేరే ముందే మీ ఊళ్లో పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించుకొని రిపోర్టు వెంట తెచ్చుకోండి. పరగడుపున డెసిలీటరు రక్తానికి 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు హెచ్చరిక, 126 లేదా అంతకు మించితే, మరోసారి పరీక్షించి నిర్ధారించుకున్నాక, మధుమేహం. రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీలో హెచ్చరిక 5.7 శాతం దగ్గర, మధుమేహం 6.5 శాతం దగ్గర మొదలవుతాయి. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉన్నవారికి ఈ రెండో పరీక్ష అసలుకంటే ఎక్కువ చూపవచ్చు, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. బ్రిటన్, కెనడాల్లో రక్తంలో చక్కెరను వేరే కొలమానంలో చెబుతారు కాబట్టి అక్కడికి వెళ్లేవారు ఆ అంకెను 18తో గుణించి చూసుకోవాలి; అక్కడి 7 మన 126తో సమానం.

ఇప్పటికే మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు నా మాట విని అన్నం ఒక్కసారిగా తగ్గించవద్దు. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే చక్కెర 70 కంటే దిగువకు పడిపోయి వణుకు, చెమటలు, కళ్లు తిరగడం వంటివి రావచ్చు కాబట్టి, ముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించుకున్నాకే తిండిలో మార్పులు మొదలుపెట్టండి.