లండన్ చిత్తడినేలకు పిల్లలతో వెళ్లేముందు

చి॥ అమ్మాయికి, ఆశీస్సులు.

అక్టోబరు సెలవుల్లో పిల్లలకి బార్న్స్‌లోని లండన్ వెట్‌ల్యాండ్ సెంటర్ అనే నీటిపక్షుల చిత్తడినేల చూపిస్తానన్నావు. మంచి కాలమే ఎంచుకున్నావు. అక్కడి ఎండాకాలం చివర మగబాతులు రంగు ఈకలు రాల్చేసి ఆడవాటిలాగే గోధుమరంగులో ఉంటాయి, పోల్చుకోవడం కష్టం. అక్టోబరు చివరికల్లా చాలావాటికి కొత్త రంగులొస్తాయి, ఉత్తరాది వలసబాతులూ దిగుతాయి.

పొద్దున్నే వెళ్లండి. ఆ నెల ఆఖరి ఆదివారం అక్కడి గడియారాలు గంట వెనక్కి తిప్పాక అయిదు కాకుండానే చీకటి పడుతుంది. అటు వెళ్లే దారిలోని హామర్‌స్మిత్ వంతెన మీద 2019 నుంచి మోటారు వాహనాలు తిరగడం లేదు; వాటర్లూలో రైలెక్కి బార్న్స్‌లో దిగడం మేలు.

మొత్తం చుట్టేద్దామని మాత్రం చూడకు. నలభై హెక్టార్ల పైన ఉంది, పిల్లలు అలిసిపోతారు. పక్షుల్ని చాటునుంచి చూసే, హైడ్ అనే చెక్కగదులు రెండు ఎంచుకుని, ఒక్కోదాంట్లో అరగంట కదలకుండా కూర్చోండి. చంటిపిల్లల తోపుడుబండి ఉంటే పీకాక్ టవర్‌కి వెళ్లు, లిఫ్టుంది. కిటికీ తలుపు మెల్లగా తియ్యి. చెయ్యి బయటికి చాపి చూపించారా, దగ్గరున్న పక్షులన్నీ లేచిపోతాయి. పిల్లలకి ముందే చెప్పు.

చూపు ముందు నీటి అంచు మీద పెట్టండి. అక్కడ ఒకప్పుడు 4 కాంక్రీటు రిజర్వాయర్లుండేవి. వాటి అవసరం తీరాక కాంక్రీటు పగలగొట్టి, ఆ ముక్కల్నే అక్కడ వాడి, లోతులేని మడుగులు చేసి 2000లో తెరిచారు. బురదలో ముక్కుతో వెతుక్కునే పక్షులకి జానెడు నీళ్లు చాలు. చెంచాలాంటి ముక్కున్న బాతు కనిపిస్తే, ఆ జాతే చలికాలంలో కొల్లేటికీ వస్తుందని చెప్పు. చెట్ల మీద అరిచేవి మన రామచిలుకలే.

బైనాక్యులర్ 8 రెట్లది తీసుకో. 10 రెట్లది పిల్లల చేతుల్లో వణుకుతుంది. కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమవైపు సరిచెయ్యి, తర్వాత ఎడమకన్ను మూసి బైనాక్యులర్ కుడి కంటిగొట్టం చుట్టూ ఉన్న రింగు తిప్పు. కళ్లజోడుంటే రబ్బరు అంచులు లోపలికి నొక్కెయ్యి. ఈ పని చెయ్యకే చాలామంది 'మసగ్గా ఉంది' అని పక్కన పడేస్తారు.

నడిచేటప్పుడు కన్నా హైడ్‌లో చలి ఎక్కువ, కిటికీలోంచి గాలి నేరుగా కొడుతుంది. టోపీలు, చేతితొడుగులు, ఫ్లాస్కులో వేడి చారు పెట్టుకో. తడి ఆకులు పడ్డ చెక్కవంతెన జారుతుంది, గాళ్లున్న బూట్లు వెయ్యి. రాలిన ఈకలు, చచ్చిన పక్షులు ముట్టనివ్వకు, బర్డ్ ఫ్లూ భయం ఉంది. పులిహోర డబ్బా తెరిచేముందు అందరూ సబ్బుతో చేతులు కడగండి.