క్యెబెక్ పాటకు లూపు ఎందుకు కుదరడం లేదంటే

నమస్కారమండీ. కెనడాలోని క్యెబెక్ పల్లెపాట ఒకదాన్ని 4 బార్ల (తాళావర్తాల) ఎలక్ట్రానిక్ లూపు మీద, అంటే మళ్లీ మళ్లీ అదే మోగే సంగీతపు ముక్క మీద పెడితే రెండో చరణానికల్లా తాళం జారిపోతోందని, ఫిడేలు వాయించినవారు తప్పారేమోనని అడిగారు. వారి తప్పేమీ లేదు. ఆ సంప్రదాయంలో ‘వంకర బాణీలు’ అని పిలుచుకునేవి చాలా ఉన్నాయి. వాటిలో పాట పాదం ఎక్కడ ముగిస్తే అక్కడే తాళం ముగుస్తుంది కనుక, ఒక బీటు పెరగడమో తగ్గడమో మామూలే.

అందుచేత ముందుగా లూపు ఆపేసి, పాట వింటూ ప్రతి పాదానికీ ఎన్ని బీట్లు వస్తున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. అదనపు బీటు వచ్చిన చోట లూపునే పొడిగించండి గాని, దయచేసి పాటను కత్తిరించకండి. టెంపోను (పాట వేగాన్ని) మెట్రోనోమ్ అనే తాళయంత్రం నుంచి కాక కాళ్ల చప్పుడు నుంచి తీసుకోండి. అక్కడి కళాకారులు కుర్చీలో కూర్చుని, గట్టి అడుగున్న బూట్లతో, చెక్కపలక మీద రెండు కాళ్లతోనూ గుర్రపు దౌడులాంటి తాళం వేస్తారు. అదే మీ అసలు డ్రమ్ము. లూపులోని పెద్ద డ్రమ్ము దెబ్బ అయిన కిక్‌ను దాని మీదే సరిగ్గా పడేలా జరిపి, కిక్‌లోని ‘టక్’ శబ్దాన్ని తగ్గిస్తే బూటు చప్పుడు స్పష్టంగా నిలుస్తుంది.

తమ శైలిని ‘ఎలక్ట్రోట్రాడ్’ అని పిలుచుకునే మెలిసాండ్ బృందాన్ని శ్రద్ధగా వినండి. సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం) ఎంత మోగినా మోర్సింగ్, వేణువు అందులో మునిగిపోవు. ఆ పాటల్లో ఒకరు పాడితే మిగతావారు వంత పాడతారు కాబట్టి, మీరు కూడా వంత వచ్చే చోట సింథ్‌ను పూర్తిగా ఆపి, గొంతులను, కాళ్లను మాత్రమే వదిలి చూడండి.