డయాలసిస్ చేయించుకునే నల్లజాతీయుల ఎముకలు అంత త్వరగా విరగవంటారు, నిజమేనా?

అమెరికా లెక్కల ప్రకారం నిజమే. డయాలసిస్‌పై ఉన్న శ్వేతజాతీయులకు తుంటి ఎముక విరిగే ముప్పు, మూత్రపిండాలు బాగున్న శ్వేతజాతీయులతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లని 2000లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. డయాలసిస్ రోగులలోనే చూస్తే నల్లజాతీయులకు ఆ ముప్పు శ్వేతజాతీయులకన్నా తక్కువ. అయితే ఈ సగటు మాటను ఒక మనిషికి ఎలా అంటగడతారో నేను కళ్ళారా చూశాను.

జార్జియా రాష్ట్రంలో మా నాన్నగారు డయాలసిస్ చేయించుకునేటప్పుడు, పక్క కుర్చీలో ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవారు. నెలనెలా డైటీషియన్ తెచ్చే రక్తపరీక్షల కాగితంలో ఆయన పారాథైరాయిడ్ హార్మోన్, అంటే ఎముకలోని కాల్షియాన్ని రక్తంలోకి లాగే పీటీహెచ్, ఎప్పుడూ నాన్నగారికన్నా చాలా ఎక్కువగా ఉండేది. బరువు చూసే కాటా ఎక్కడానికి ఆయన నాన్నగారి భుజం పట్టుకునేవారు. తుంటి దగ్గర నొప్పిగా ఉందని చెప్పినప్పుడల్లా, "మీవాళ్ళ ఎముకలు గట్టివి, కంగారుపడకండి" అని నర్సు దుప్పటి సర్ది వెళ్ళిపోయేది. ఎవరూ ఎక్స్‌రే తీయించలేదు. చివరికి ఇంట్లో మంచం దిగుతూ కూలబడి, తుంటి ఎముక విరిగి, చాలాకాలం తరువాత చక్రాల కుర్చీలో తిరిగి వచ్చారు.

నర్సు మాటకు ఆధారం లేకపోలేదు. 2011లో 630 మంది డయాలసిస్ రోగుల ఎముక ముక్కలను పరీక్షించినప్పుడు, శ్వేతజాతీయులలో 62 శాతం మందికి పాత ఎముక కరిగి కొత్తది కట్టుకునే పని మందగించి ఉంది; అలా మందగిస్తే ఎముక పెళుసుబారవచ్చు. నల్లజాతీయులలో 68 శాతం మందికి అది మామూలుగానో వేగంగానో సాగుతోంది. నల్లజాతీయుల ఎముకలు పీటీహెచ్‌కు అంత సులువుగా లొంగవు కనుక, ఒకే అంకె ఇద్దరిలో రెండు అర్థాలనిస్తుంది. కానీ ఆ వేగం మితిమీరితే గట్టి పైపొర పలచబడుతుందన్న సంగతి ఎవరి చర్మం రంగును బట్టీ మారదు.

పైగా ఈ తేడాలన్నీ పుట్టుకతో వచ్చినవి కావని నా గట్టి నమ్మకం. చౌకగా దొరికే శీతలపానీయాలలో, ఫాస్ఫేట్ నీళ్ళు ఎక్కించిన చికెన్‌లో ఫాస్ఫరస్ ఎంతుందో పొట్లం మీద రాయాలన్న నిబంధన కూడా అమెరికాలో లేదు. పాడైన మూత్రపిండాలు బయటకు పంపలేని ఫాస్ఫరస్ పీటీహెచ్‌ను పెంచుతుంది కనుక, పేదపేటల్లో ఉండేవారు ఏ జాతివారైనా దాని ఫలితం వారి రక్తంలో కనిపిస్తుంది. మన సంగతి ఇంకా విచిత్రం: ఎముక విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్కలో, అమెరికాలో ఉండే మనకూ చైనావారికీ ఫిలిప్పీన్స్‌వారికీ కలిపి "ఏషియన్" అనే ఒకే గడి. 2021లో మూత్రపిండాల పనితీరు లెక్కలోంచి జాతిని తీసేయమని అక్కడి నిపుణులే సిఫారసు చేశారు. ఎముకల దగ్గరా ఆ పునరాలోచన రావాలి.

అందువల్ల మీ ఇంట్లో డయాలసిస్ రోగి ఉంటే, ఒక్క నెల పీటీహెచ్ చూసి ఊరుకోకుండా కొన్ని నెలల వరుసను, ఎముక మారే వేగాన్ని సూచించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే రక్తపరీక్షతో కలిపి చూడమని నెఫ్రాలజిస్టును, అంటే మూత్రపిండాల వైద్యుణ్ణి, అడగండి. తుంటి నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించమని పట్టుబట్టండి.