ఎన్నూరులో మడ మొక్కలు నాటడానికి వెళ్తే ఉపయోగం ఉంటుందా?

మీ ఆఫీసువాళ్లు ఒక్కపూటలో వెయ్యి మడ (మాంగ్రూవ్) మొక్కలు నాటిస్తామంటున్నారు, వెళ్లాలా వద్దా అని అడిగారు. నేను 2022 చివర్లో ఇలాగే వెళ్లాను. మాది తాళ్లరేవు దగ్గర, కోరింగ మడ అడవి పక్కనే. మడ గురించి నాకొకడు చెప్పేదేంటన్న ధీమా ఉండేది. కొంప ముంచింది అదే.

మన చిత్తూరు వైపు కుశస్థలి అంటామే, ఆ ఏరే ఇక్కడ కొసస్తలై పేరుతో చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మొగకి కాస్త లోపలగా ఖాళీ బురద కనిపిస్తే తాడు పట్టి మరీ వరసలు నాటాం. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయన "తంబీ, అక్కడొద్దు, నీళ్లొస్తాయి గానీ పోవు" అన్నాడు. ఎవరం చెవిన పెట్టలేదు. మార్చికల్లా నిలవ నీళ్లు ఇగిరి, బురద మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. మొక్కలు నిలువునా ఎండాయి.

మడ ఉప్పుకి తట్టుకుంటుంది, నిజమే. తెల్లమడ ఆకు నాకి చూడండి, అది బయటికి వదిలిన ఉప్పు నాలుకకి తగులుతుంది. అయినా దానికీ ఒక హద్దుంది. నీళ్లు పోటుకి రావాలి, పాటుకి వెళ్లిపోవాలి, ఆ మధ్యలోనే బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరివేళ్లకి గాలి అందుతుంది. చెన్నై తీరంలో పెద్ద పోటు కూడా ఇంచుమించు ఒక మీటరే. అందుకే నేల జానెడు పల్లమైతే మొక్క మునిగి చస్తుంది, జానెడు మెరకైతే ఎండి చస్తుంది. మా దగ్గరున్న మ్యాపులో ఆ జానెడు లేదు. రోజూ అందులో నడిచే ఆ పెద్దాయన కాలికి తెలుసు.

చిదంబరం దగ్గరి పిచ్చావరం మడ అడవిలోనూ జరిగింది ఇదే. పూర్వం అడవిని పట్టీలుగా నరికిన చోట నేల దిగి పళ్లెంలా అయింది, నీరు నిలిచి ఉప్పెక్కింది. చెన్నై తరమణిలో ఎం.ఎస్. స్వామినాథన్ 1988లో పెట్టిన పరిశోధనా సంస్థవాళ్లు అక్కడ ముందు కాలువలు తవ్వించారు. నడుమ ఒక పెద్దకాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు, అచ్చం చేపముల్లే. ఊళ్లవాళ్లని పనిలో కలుపుకున్నారు, నాటడం ఆ తర్వాతే. మా కోరింగ వైపు కూడా ఇదే పద్ధతి వాడారని నాకు చెన్నై వచ్చాకే తెలిసింది. సిగ్గుచేటు!

ఇంకో సంగతి. మేం ఖాళీ అనుకున్న బురద ఖాళీ కాదు. ఇరుళర్ ఆడవాళ్లు (చూస్తే మన నెల్లూరు యానాదులు గుర్తొస్తారు) బుట్ట పళ్లతో కరిచిపట్టుకుని, నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు పట్టుకునేది అక్కడే. మా వరసలు సరిగ్గా వాళ్ల దారికడ్డం. పులికాట్ వైపు పిలిచినా తొందరపడకండి. అక్కడ 'పాడు' అని, ఎవరెప్పుడు ఏ చోట వల కట్టాలో వంతులుంటాయి. పైకి కనిపించవు.

మరుసటేడు ఆ పెద్దాయన చూపించిన చోట, వానలకి ఉప్పు విరిగాక, కాలువ తవ్వి నాటాం. డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో చమురు కొట్టుకొచ్చి తెట్టు కట్టింది, సగం పోయాయి. ఆవులు కొన్ని మేశాయి. మిగిలినవి ఇప్పుడు నా నడుం దాటాయి, వందలోపే ఉంటాయి.

మీ ఆఫీసువాళ్లని రెండే అడగండి. చోటు చూపించిందెవరు? ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లి చూసేదెవరు? నీళ్లు నమిలారంటే ఆ ఆదివారం కాసిమేడు వెళ్లి చేపలు కొనుక్కోండి. వెళ్లేట్టయితే మాత్రం ఒట్టికాళ్లతో దిగకండి. ఆల్చిప్పల అంచులు బ్లేడుల్లా ఉంటాయి, నాకు మూడు కుట్లు పడ్డాయి.