కనుమా? కనుమసీమా?

సందేహం: బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చరిత్ర అనువదిస్తున్నాను. ‘క్లైసూరా’ అని వచ్చినచోటల్లా ‘కనుమ’ అని రాసుకుంటూ వచ్చాను. తీరా ‘ఖార్సియానోన్ కనుమను థేమాగా మార్చారు’ అన్న వాక్యం దగ్గర పేచీ వచ్చింది. థేమా అంటే సేనాని ఏలే రాష్ట్రం కదా, కొండదారి రాష్ట్రమెలా అవుతుంది? ‘దుర్గం’ అనవచ్చా? ‘పాలెం’ అంటే నప్పుతుందా?

సమాధానం: పేచీ రావలసిన చోటే వచ్చింది. ఆ గ్రీకు మాట మొదట కొండల నడుమ ఇరుకు దారికి, దానికి కాపలాగా కట్టిన కోటకు చెల్లింది. 9వ శతాబ్దానికల్లా ఆ దారిని కాసే సైన్యం, దాని చేతికింది ఊళ్లు కలిసి అదే పేరుతో పాలనా విభాగమైంది. నేటి టర్కీ దక్షిణాన ఉన్న టారస్ కొండల అవతల నుంచి అరబ్బు సేనలు ఏటా వేసవిలో దండెత్తి వచ్చేవి. అంత పొడుగు సరిహద్దును అడుగడుగునా కాయడం అయ్యే పని కాదు. అందుకే తరచు శత్రువును లోపలికి రానిచ్చి, కొల్లసొమ్ముతో బరువెక్కి తిరిగి వెళ్లేటప్పుడు కనుమలో మాటు వేసి కొట్టేవారు. దీనికి అక్కడికక్కడే నిర్ణయం తీసుకునే అధికారి కావాలి. అనటోలికోన్ థేమా నుంచి కప్పడోకియాను, అర్మేనియాకోన్ నుంచి ఖార్సియానోన్‌ను విడదీసి క్లైసూరార్క్‌లకు, అంటే క్లైసూరా అధికారులకు, అప్పగించింది అందుకే. ఆ శతాబ్దంలోనే రెండూ థేమాలయ్యాయి.

కాబట్టి దారి గురించి చెప్పేటప్పుడు ‘కనుమ’ భేషైన మాట. మన నందికనుమ లాగే టారస్ కొండల్లోని దారిని ‘సిలీషియా కనుమ’ అనండి. దాని ఉత్తరపు కొసను కాసిన లూలోన్‌ను మాత్రం ‘దుర్గం’ అనాలి; శత్రువు వస్తున్నాడని కాన్‌స్టాంటినోపుల్‌కు కబురందించే మంటల వరుస అక్కడే మొదలయ్యేది. బహువచనంతో జాగ్రత్త. తూర్పు కనుమల పుణ్యమా అని ‘కనుమలు’ అంటే పాఠకుడు కొండల వరుసే అనుకుంటాడు.

విభాగానికి ‘కనుమసీమ’ అనమంటాను. పెన్న గండి మీది కోట పేరే చుట్టుపక్కల ప్రాంతానికీ చెల్లి ‘గండికోట సీమ’ కాలేదా? ‘పాలెం’ వద్దు. పాలెగాడిది వంశపారంపర్యపు పెత్తనం; క్లైసూరార్క్ చక్రవర్తి వేసిన ఉద్యోగి. ‘మండలం’ పాతమాటే గానీ, 1985 తర్వాత ఆ మాట వింటే మనకు తోచేది ఎమ్మార్వో ఆఫీసే. థేమాను థేమాగానే ఉంచండి. ‘థీమ్’ అని రాశారో, పుట్టినరోజు పార్టీ అనుకుంటారు! క్లైసూరార్క్‌కు ‘కనుమసీమాధిపతి’ అంటే నోరు తిరగదు, ‘కనుమసీమ సేనాని’ చాలు.